సెకండ్‌హ్యాండ్ కుట్టు మిషన్: అపోహలు - వాస్తవాలు

బతుకమ్మ, దసరా దగ్గర పడితే వరంగల్, హనుమకొండల్లో జాకెట్ల పని ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ తొందరలోనే చాలామంది పాత మిషన్ కొంటారు, కింది మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకుంటారు.

అపోహ: రంగు నిగనిగలాడితే మిషన్ బాగున్నట్టే.

పాత హెడ్‌కు, అంటే టేబుల్ మీద ఉండే మిషన్ భాగానికి, పెయింట్ కొట్టి కొత్త స్టిక్కర్ అంటించడం మామూలే. స్క్రూల గాడిలో రంగు నిండి ఉందా చూడండి, దొరికిపోతుంది. నూనె రంధ్రాలూ పెయింట్‌తో పూడిపోతే మరీ చేటు, చుక్క నూనె లోపలికి దిగదు.

రంగు వదిలేసి చక్రం చూడాలి. బెల్టు తీసి, చక్రాన్ని ఒక్క వేలితో మెల్లగా తిప్పండి. చుట్టంతా ఒకే తీరు బరువుగా ఉంటే లోపల నూనె జిగురు కట్టింది. కొబ్బరి నూనె పోసిన మిషన్లకు ఇదే జబ్బు. కిరోసిన్‌తో కడిగి మిషన్ ఆయిల్ వేస్తే చాలావరకు వదులుతుంది. అలా కాక ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేస్తే, కింది దారం పట్టే షటిల్ తీసి ఇరుక్కున్న దారం ఉందేమో చూడండి. దారం లేకున్నా పట్టేస్తుంటే షాఫ్టో గేరో దెబ్బతిన్నట్టే, అక్కడితో బేరం ఆపేయండి. సూది కడ్డీని కిందికి దించి పక్కలకు కదపండి. టక్‌టక్‌మని ఆడితే కడ్డీని పట్టి ఉంచే బుష్ అరిగింది, కుట్లు తప్పుతాయి.

అపోహ: అమ్మేవాళ్లు కుట్టి చూపించారు కదా, చాలు.

కాటన్ ముక్క మీద దాదాపు ఏ మిషనైనా కుడుతుంది. మీరే పాప్లిన్, జార్జెట్, జీన్స్ ముక్కలు, వాటికి 14, 11, 16 నంబర్ల కొత్త సూదులు, రెండు రంగుల దారాలు పట్టుకెళ్లండి. కుట్టు పొడవు 2.5 మి.మీ. పెడితే 3 సెం.మీ.లో 12 కుట్లు పడాలి. పై దారం అడుగున ఉచ్చులుగా వేలాడితే ముందు దారం ఎక్కించిన తీరు, దారాన్ని బిగించే టెన్షన్ పళ్లాల్లో చెత్త చూడండి, అది చిన్న పని. జార్జెట్ ముందుకు పోక ముద్దయితే బట్టను జరిపే కింది పళ్లు అరిగాయేమో చూడాలి. దారం ఊరికే తెగుతుంటే సూది ప్లేటు రంధ్రం అంచును గోటితో తడమండి. గరుకు తగిలితే ప్లేటు మారిస్తే సరి. కింద పై దారాన్ని పట్టుకునే హుక్ కొన విరిగి ఉంటే మాత్రం అది కొత్తది వేయాల్సిందే.

అపోహ: డెమో పీస్ అంటే కొత్తదే, చవకగా వస్తుంది.

షాపులో కొనేవాళ్లకు కుట్టి చూపడానికి పెట్టిన, పదిమంది చేతులు పడిన మిషన్ అది. సూది బట్టలో ఉండగానే డిజైన్ డయల్ తిప్పేస్తారు, సూది వంగి ప్లేటును కొడుతుంది. అన్ని కుట్లూ వేయించి, కాజా కూడా కుట్టించి చూడండి. పాదాలు, బాబిన్లు, ఫుట్ కంట్రోలర్ లెక్కపెట్టుకుని, లేనివాటి ధర తగ్గించమనండి. బిల్లు మీ పేరున, సీరియల్ నంబరుతో ఉండాలి. వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో దాని మీదే రాయించుకోండి.

అపోహ: బట్టల కంపెనీలో వాడిన జుకీ రకం పెద్ద మిషన్ ఇంటికి లాభమే.

మోటారు ప్లేటు చదవండి. త్రీ ఫేజ్ అయితే ఇంటి కరెంటుకు నేరుగా పనికిరాదు, కొత్త మోటారు ఖర్చు కలుపుకోవాలి. క్లచ్ మోటారు కుట్టకపోయినా తిరుగుతూ కరెంటు తాగుతుంది, సర్వో మోటారు పెడల్ తొక్కితేనే తిరుగుతుంది. ఆయిల్ పాన్‌లో ఇనుప పొడి మెరిస్తే తీసుకోవద్దు.

అపోహ: పాత సింగర్ మిషన్‌లో రెడ్ మెర్క్యురీ అనే అరుదైన పదార్థం ఉంటుంది, లక్షలు పలుకుతుంది.

2009లో సౌదీలో పుట్టిన పుకారు ఇది. మిషన్‌లో అలాంటిదేమీ లేదు.

అపోహ: కొన్న ధరలో సగం ఇస్తే న్యాయం.

ఎప్పుడో కొన్న ధరతో పని లేదు. అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతో కనుక్కోండి. హెడ్, టేబుల్-స్టాండు, మోటారు వేర్వేరుగా ధర కట్టి, మార్చాల్సిన భాగాలు, మెకానిక్ కూలి అందులోంచి తీసేయండి. విడిభాగాలు దొరకని మోడలైతే పాత ఇనుము ధరకు మించి ఇవ్వొద్దు.