డిప్రెషన్, సెరొటోనిన్ రిసెప్టర్లు: అపోహలు – వాస్తవాలు

మానసిక వైద్యుడిగా విశాఖపట్నంలో నేను తరచూ వినే అపోహలివి. వీటిని నమ్మి చాలామంది మందును మధ్యలోనే ఆపేసి నష్టపోతున్నారు కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: మెదడులో సెరొటోనిన్ తగ్గడమే డిప్రెషన్, రక్తపరీక్ష చేస్తే అది తేలిపోతుంది.

వాస్తవం: సెరొటోనిన్ అంటే నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం. శరీరంలోని సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అది మెదడులోకి ప్రవేశించలేదు కనుక రక్తపరీక్షతో మెదడు సంగతి తెలియదు. 1960లలో బలపడిన ‘లోటు’ సిద్ధాంతానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష పేర్కొంది, దానిపై నిపుణుల మధ్య వాదోపవాదాలూ జరిగాయి. అంతమాత్రాన మందులు పనిచేయవని కాదు.

అపోహ: పది రోజులు వేసుకున్నా గుణం కనిపించకపోతే ఆ మందు మనకు పడనట్టే.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎసిటాలోప్రామ్ వంటి మందులు, విడుదలైన సెరొటోనిన్‌ను నాడీకణం తిరిగి లోపలికి తీసుకోకుండా అడ్డుకుంటాయి. ఆ పని మొదటి మాత్రతో గంటల్లోనే మొదలవుతుంది. అయితే మెదడు కాండంలో సెరొటోనిన్‌ను తయారు చేసే రాఫే కణాల మీద 5-హెచ్‌టీ1ఏ అనే రిసెప్టర్లు (సెరొటోనిన్‌ను గుర్తించి స్పందించే గ్రాహకాలు) కాపలా ఉంటాయి. చుట్టూ సెరొటోనిన్ పెరిగిందని ఇవి గ్రహించగానే ఆ కణం తన సంకేతాలను తగ్గించుకుంటుంది, దాంతో మందు చేసిన పనిలో కొంత మొదట్లోనే వృథా అవుతుంది. మాత్ర రోజూ పడుతూ ఉంటే కొన్ని వారాల్లో ఈ రిసెప్టర్ల సున్నితత్వం తగ్గి, కణాలు మళ్లీ మునుపటిలా సంకేతాలు పంపుతాయి. ఆలస్యానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, బాగా అర్థమైన కారణం ఇది. అందుకే తగిన మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడనిదే మందు పనిచేయలేదని నేను తీర్మానించను.

అపోహ: వికారం మొదలైతే మందు వికటించినట్టే.

వాస్తవం: సెరొటోనిన్ రిసెప్టర్లు పద్నాలుగు రకాలు, పెరిగిన సెరొటోనిన్ మనకు కావలసిన వాటినే ఎంచుకుని తాకదు. 5-హెచ్‌టీ3 రకం ప్రేరేపితమైతే కడుపులో తిప్పుతుంది. వాంతులకు వాడే ఒండాన్‌సెట్రాన్ అడ్డుకునేది సరిగ్గా ఈ రిసెప్టర్‌నే. భోజనం తరువాత వేసుకుంటే ఇబ్బంది తగ్గుతుంది, ఎక్కువమందిలో ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది.

అపోహ: ఇవి అలవాటైపోతాయి.

వాస్తవం: మత్తుపదార్థాల మీద పుట్టే తహతహ వీటి మీద పుట్టదు. కానీ నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు వంటివి రావచ్చు కనుక డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి.

ఇంట్లోవారికి ఒక మాట. మొదటి కొన్ని వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్లలోపు వారిలో, చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి వారిని కనిపెట్టుకుని ఉండాలి. అలాంటి మాట చెవిన పడితే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌కైనా, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకైనా వెంటనే తీసుకురండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.