రోజుకి పదకొండు నిమిషాలు

మా మేనకోడలు ఉద్యోగం మీద ఫిన్లండ్ రాజధాని హెల్సింకీ వెళ్ళింది. వెళ్ళిన ఏడు నవంబరు మధ్యలో ఫోన్ చేసి, "మామయ్యా, ఇక్కడ నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతోంది. ఆఫీసుకి చీకట్లో వెళ్తున్నా, చీకట్లో వస్తున్నా. ఆదివారం మధ్యాహ్నం దాకా మంచం దిగబుద్ధి కావట్లేదు. ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉండే దేశం ఇదేనని తేల్చిందెవరు?" అని అడిగింది. ఆ రోజుకి ఏదో సర్ది చెప్పాను కానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా వరసగా ఎనిమిదేళ్ళు ఫిన్లండ్‌దే మొదటి స్థానం. డెన్మార్క్, ఐస్‌లండ్, స్వీడన్ దాని వెనకే ఉంటాయి. 2025 జాబితాలో మనది 118. ఎండకీ ఆనందానికీ నేరుగా లంకె ఉంటే ఈ జాబితా తలకిందులుగా ఉండాలి.

ముందు ఆ ఎండ సంగతి చూద్దాం. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి ఎత్తు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. డిసెంబరు 21న హెల్సింకీలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఆరున్నర డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అంటే పిడికిలి కూడా దాటడు. అదే రోజు హైదరాబాదులో 49 డిగ్రీల దాకా ఎక్కుతాడు. అయిదున్నర అడుగుల మనిషికి మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ పడే నీడ దాదాపు 49 అడుగులు. ఇక్కడ అయిదడుగులు కూడా ఉండదు. ఒకే గరిటె పిండితో పెనం మధ్యలో మందంగా ఒక దోశ వేసి, పెనం అంచులదాకా లాగి ఇంకొకటి వేస్తే రెండోది ఎంత పల్చన అవుతుందో, ఆ ఏటవాలు ఎండ కూడా నేల మీద అంత పల్చబడుతుంది. ఈ లెక్కలో హైదరాబాదు నేలకి అందే దానిలో అక్కడికి అందేది ఏడో వంతు. దారిలో గాలీ మబ్బూ తినేసేది దీనికి అదనం. పగలు మొత్తం ఆరు గంటలు కూడా లేదు.

చలి సంగతి నేను పట్టించుకోను. చలికి కోటుంది, సానా అనే ఆవిరి స్నానాల గది ఉంది. యాభై అయిదు లక్షల జనాభాకి ముప్ఫై లక్షల సానాలు కట్టుకున్న జనం వాళ్ళు. చిక్కంతా వెలుతురుతోనే.

తెనాలిలో మా తాతయ్య గోడ గడియారం ఒకటి ఉండేది. అది రోజుకి పదో పన్నెండో నిమిషాలు వెనకబడేది. తాతయ్య దాన్ని ఎన్నడూ రిపేరుకి ఇవ్వలేదు. పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలవగానే స్టూలెక్కి పెద్ద ముల్లు ముందుకి జరిపేవాడు. రోజూ సరిచేసేవాడు ఒకడున్నంతకాలం గడియారం కచ్చితంగా నడవాల్సిన పనేముంది?

మన మెదడులో ఉన్నది అచ్చం అలాంటి గడియారమే. కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, హైపోథాలమస్‌లో, సుమారు 20 వేల నాడీకణాల ముద్ద ఉంది. ఒళ్ళు ఎప్పుడు వెచ్చబడాలో, మనల్ని మేలుకొలిపే కార్టిసాల్ హార్మోను ఎప్పుడు పెరగాలో, నిద్ర ఎప్పుడు ముంచుకురావాలో చెప్పేది అదే. 1999లో హార్వర్డ్‌లో ఛార్లెస్ జైస్లర్ బృందం మనుషులను వారాల తరబడి బయటి వెలుతురూ గడియారాలూ లేని గదుల్లో ఉంచి, ఈ ముద్దకి ఒక రోజంటే ఎంతో కొలిచింది. సగటున 24 గంటల 11 నిమిషాలు వచ్చింది. అంటే రోజుకి పదకొండు నిమిషాలు వెనకబడుతుందన్నమాట. పది రోజులు వదిలేస్తే దాదాపు రెండు గంటల తేడా.

ఇక్కడ తాతయ్య ఎవరంటే, పొద్దుటి వెలుతురు. అది కంట్లో పడగానే ముల్లు ముందుకి జరుగుతుంది. ఇంట్లో ఒక కొంటె మనవడు కూడా ఉన్నాడు. వాడు సాయంత్రం స్టూలెక్కి అదే ముల్లుని వెనక్కి తిప్పుతాడు. అంటే, పొద్దుపోయాక కంట్లో పడే వెలుతురు గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. మన ఊళ్ళలో తాతయ్య బలవంతుడు, కాబట్టి మనవడి ఆటలు సాగవు. నవంబరు హెల్సింకీలో తాతయ్య ఎనిమిది దాటాక నీరసంగా వస్తాడు. అప్పటికి మా మేనకోడలు ఆఫీసులో కూర్చుని ఉంటుంది. మనవడికి మాత్రం సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా ట్యూబులైట్లూ, టీవీ, ఫోనూ చేతికి చిక్కుతాయి. రెండు వారాల్లో లోపలి గడియారం రెండు గంటలు వెనకబడిందనుకోండి, ఆరున్నరకి అలారం మోగినప్పుడు ఒంటి లెక్కలో ఇంకా నాలుగున్నరే. మంచం దిగబుద్ధి కాకపోవడం బద్ధకం కాదు, అది తెల్లవారుజామున లేపిన మనిషి విసుగు.

సరే, ముల్లు జరిపేది వెలుతురే అయితే ఆ కబురు లోపలికి చేరవేసేదెవరు? నన్ను అసలు పట్టేసుకున్నది ఈ భాగం. కంట్లో రెండు రకాల కాంతిగ్రాహకాలు, చీకటికి దండకణాలు, రంగులకి శంకుకణాలు అని నేను చదువుకున్నాను. తర్వాత పాతికేళ్ళు పిల్లలకి అదే బోర్డు మీద రాశాను. రెండూ లేకుండా పుట్టిన గుడ్డి ఎలుకలు కూడా పగలూ రాత్రికి తమ గడియారాన్ని సరిచేసుకోగలవని రసెల్ ఫాస్టర్ చూపిస్తే కంటి నిపుణులు మొదట్లో నమ్మలేదు. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే కొత్త వర్ణకాన్ని పట్టుకున్నాడు. కప్ప చర్మానికి వెలుతురు తెలుస్తుందన్న సంగతి పాతదే. అదే వర్ణకం మన రెటీనాలో కూడా ఉందని తేలింది. అది ఉండే కణాలు దండాలూ కాదు, శంకువులూ కాదు. మెదడుకి తీగలు పంపే గాంగ్లియాన్ కణాల్లోనే కొద్దిపాటివి తమంతట తామే వెలుతురుని పసిగడతాయని 2002లో డేవిడ్ బెర్సన్ నిరూపించాడు. నేను బోర్డు మీద రాసిన పాఠంలో మూడోది తప్పిపోయిందన్నమాట. ఇప్పటికీ మన బడి పుస్తకాల్లో వెతుక్కోవాల్సిందే.

ఈ మూడో రకానికి బొమ్మతో పని లేదు. ముందు నిలబడింది ఎవరో దానికి అక్కర్లేదు. వాన ఎంత పడిందో కొలిచే గొట్టంలాగా, వెలుతురు ఎంతసేపు ఎంత పడిందో నిమిషాల తరబడి కూడుకుంటూ పోతుంది. 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పగటి ఆకాశపు నీలంలో, దాని చురుకు ఎక్కువ. కాబట్టి ఆఫీసు ట్యూబులైటు మన చూపుకి సరిపోతుంది కానీ దీనికి ఆనదు. వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు. గదిలో 300 నుంచి 500 లక్సులుంటే, మబ్బు పట్టిన పగలు ఆరుబయట కూడా వేలల్లో ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. గదీ వీధీ ఒకేలా ఉన్నట్టు మనకి అనిపిస్తుంది, ఎందుకంటే మన చూపు సర్దుకుపోతుంది. గొట్టం మాత్రం అంతగా సర్దుకోదు. కళ్ళు పూర్తిగా పోయినవాళ్ళలో చాలామందికి గొట్టం కూడా పోతుంది. తాతయ్యా మనవడూ ఇద్దరూ లేని గడియారం వాళ్ళది, అందుకే నిద్రవేళ వారాల మీద రోజంతా చుట్టి మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక్కడ ఒక మాట. రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోనుని తయారుచేసే పీనియల్ గ్రంథే "మూడో కన్ను" అంటూ, దాన్ని తెరిపిస్తామని డబ్బులు గుంజేవాళ్ళు బయల్దేరారు. కొన్ని బల్లి జాతుల నెత్తి మీద నిజంగానే మూడో కన్నులాంటిది ఉంది, కాదనను. మనిషి పీనియల్ మాత్రం పుట్టుగుడ్డి. పగలో రాత్రో దానికి తెలియాలంటే కబురు కంటి నుంచి హైపోథాలమస్‌కి, అక్కణ్ణించి వెన్నుపాములోకి, మళ్ళీ మెడలోని నాడీ గ్రంథి మీదుగా తలలోకి వెళ్ళాలి. బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళడానికి హైదరాబాదు మీదుగా వెళ్ళినట్టు. ఇంత చుట్టు తిరిగితే తప్ప సూర్యుడి సంగతి తెలియని దాన్ని కన్ను అనడమెందుకు?

చలికాలంలో వచ్చి వసంతంలో పోయే దిగులుకి 1984లో నార్మన్ రోసెంథాల్ బృందం పేరు పెట్టి, ప్రకాశవంతమైన దీపంతో వైద్యం చెయ్యొచ్చని చూపించింది. ఇప్పుడు పొద్దున్నే అరగంట సేపు వాడే దీపాలు 10 వేల లక్సులవి. ఇంతదాకా బాగానే ఉంది కదా, ఉత్తరాదిన వెలుతురు లేదు కాబట్టి దిగులు అనేద్దామా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ 1993లో ఐస్‌లండ్‌లో లెక్క తీస్తే, తమకన్నా ఎంతో దక్షిణాన ఉన్న అమెరికా తూర్పు తీరం వాళ్ళకంటే ఐస్‌లండ్ వాళ్ళకే ఈ దిగులు తక్కువని తేలింది. కెనడా వెళ్ళి స్థిరపడిన ఐస్‌లండ్ సంతతిలో కూడా తక్కువే. తరతరాలుగా ఆ చీకటిని తట్టుకున్న రక్తం కావచ్చు. ఇంకొకటి: ఆత్మహత్యలు చలికాలంలో కాదు, పగళ్ళు పెరిగే కాలంలో ఎక్కువని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖీమ్ 1897లోనే గమనించాడు. ఫిన్లండ్‌లో 1990 ప్రాంతంలో లక్షమందికి ముప్ఫై దాకా ఉన్న ఆ సంఖ్య తర్వాత సగానికి పైగా తగ్గింది. దేశమంతటా నివారణ కార్యక్రమం పెట్టి, కుంగుబాటుకి వైద్యం అందేలా చూశారు. ఈలోగా ఫిన్లండ్ అక్షాంశమేమీ మారలేదు.

ఇక ఆ ర్యాంకు. దాని కోసం ఎవర్నీ "ఇవాళ హుషారుగా ఉన్నారా" అని అడగరు. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోండి, పై మెట్టు మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, ఇప్పుడు మీరెక్కడున్నారు అని అడుగుతారు. హాడ్లీ కాంట్రిల్ 1960ల్లో కట్టిన నిచ్చెన అది. నిన్న నవ్వారా, సరదాగా గడిపారా అన్న ప్రశ్న వేరే ఉంది. అందులో ముందుండేవి లాటిన్ అమెరికా దేశాలు, ఫిన్లండ్ కాదు. మా మేనకోడల్ని రెండూ అడిగాను. నిచ్చెన మీద ఏడంది. నిన్నటి సంగతికి, "నిన్న మూడు మామయ్యా, అదీ నువ్వు అడిగావని" అంది.

మెదడు గడియారం ఈ రెండో జవాబుని కిందికి లాగుతుంది. మొదటి దానికి వేరే లెక్కలున్నాయి. 1998లో షేకడ్, కానెమన్ అనే పరిశోధకులిద్దరూ అమెరికాలో ఎండ ఎక్కువుండే కాలిఫోర్నియాలోనూ, చలి ప్రాంతమైన మిడ్‌వెస్ట్‌లోనూ విద్యార్థులను అడిగారు. తమ జీవితం మీద తృప్తి రెండు చోట్లా ఒకటే. కానీ కాలిఫోర్నియా వాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు చోట్లా ఊహించారు. వాతావరణం ఊరు మారేటప్పుడు కళ్ళకి కడుతుంది. కాపురం పెట్టాక అద్దె, బాస్, స్నేహితులు ముందుకొస్తారు.

నగరాల సంగతీ అంతే. 2013లో ఒక పత్రిక పదహారు నగరాల్లో పన్నెండేసి పర్సులు పారేసి చూస్తే హెల్సింకీలో పదకొండు తిరిగొచ్చాయి. (ముంబయిలో తొమ్మిది, రెండో స్థానం. ఈ మాట మనవాళ్ళెవరూ చెప్పుకోరు.) పర్సు తిరిగొస్తుందన్న నమ్మకం నిచ్చెన మీది మెట్టుకి గట్టిగా ముడిపడి ఉందని 2025 నివేదికే అంటోంది. ఉత్తరాదిన నగరమంటే అంతా మంచే అని కాదు. డెన్మార్క్‌లో తొమ్మిది లక్షల మందికి పైగా జనం వివరాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూశారు. చిన్నప్పుడు చుట్టూ పచ్చదనం అతి తక్కువగా ఉన్నవాళ్ళకి పెద్దయ్యాక మానసిక జబ్బుల ముప్పు 55 శాతం దాకా ఎక్కువని 2019లో ఆర్హస్ విశ్వవిద్యాలయం తేల్చింది. ఆదాయం, కుటుంబ చరిత్ర లెక్కలోంచి తీసేశాక కూడా తేడా మిగిలింది.

ఇదంతా రాస్తూ మా అబ్బాయి పనిచేసే హైటెక్ సిటీ ఆఫీసుకి వెళ్ళి, ఫోన్‌లో లక్స్‌మీటర్ పెట్టి చూశాను. బయట భగభగ మండే ఎండ. లోపల తెరలు దించి, ఏసీ వేసి, వాడి బల్ల మీద 280. ఆ మీటరు మరీ కచ్చితమైనది కాదనుకోండి. అయినా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా వాడు బతికేది హెల్సింకీ నవంబరులోనే. మంచు పడితే హెల్సింకీయే నయం, తాజా మంచు తన మీద పడ్డ వెలుతురులో ఎనభై శాతానికి పైగా తిప్పికొడుతుంది. వాళ్ళు నవంబరుని 'మర్రస్కూ' అంటారు, చావు నెల. పొద్దూ మంచూ రెండూ లేని నెల మరి.

మా మేనకోడలు దీపం కొనుక్కుంది. పొద్దున కాఫీ దాని ముందే తాగుతోంది, మధ్యాహ్నం భోజనం కాగానే ఓ అరగంట బయట నడుస్తోంది. మార్చిలో అక్కడ పగలు రోజుకి అయిదు నిమిషాలకి పైగా పెరుగుతుంది. ఇక్కడ పెరిగేది సుమారు నిమిషమే. మే చివర్లో మళ్ళీ ఫోన్ వచ్చింది. "మామయ్యా, రాత్రి పదైనా పొద్దు గూకట్లేదు, తెల్లారి నాలుగింటికే ఎండ మొహాన కొడుతోంది. నిద్ర పట్టట్లేదు." తాతయ్యా మనవడూ ఇద్దరూ ఒకేసారి స్టూలెక్కారన్నమాట. మందపాటి నల్ల తెరలు కొనుక్కోమన్నాను.