వయల్ ట్రేలు: అపోహలు - వాస్తవాలు

నేను చేసే పని ఏమిటో ఒకసారి మా అమ్మకు చూపించాను. ట్రేని అటూ ఇటూ తిప్పి, "ప్లాస్టిక్‌తో గుంత పొంగనాల పెనాలు చేస్తున్నావన్నమాట" అంది. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను. ఇంజెక్షన్ మందుల వయల్స్ (మూత బిగించిన చిన్న గాజు సీసాలు), యాంపుల్స్ (మెడ విరిచి తెరిచే గాజు గొట్టాలు) పగలకుండా కార్టన్‌లో కూర్చోబెట్టే పల్చటి ట్రేలు గీయడం, వాటికి డైలు (అచ్చులు) చేయించడం నా పని. హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలకు, బాలానగర్‌లో డైలు చేసే టూల్ రూములకు కొదవ లేదు కాబట్టి పని దొరుకుతుంది. కాకపోతే ట్రే అన్నీ అయిపోయాక గుర్తొచ్చే వస్తువు. మందు తయారై, లేబుల్ ఖరారై, కార్టన్ ప్రింటుకు వెళ్లిపోయాక ఫోన్ వస్తుంది: "పది వయల్స్ పట్టే ట్రే కావాలండీ, వచ్చే వారానికి." ఆ ఫోన్లలో మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: వయల్ ఎంత బిగుతుగా కూర్చుంటే అంత భద్రం

మొదట్లో నేనూ ఇలాగే అనుకున్నాను. ఒక కంపెనీకి 2ఆర్ అనే చిన్న సైజు వయల్ కోసం ట్రే చేశాను. నడుము దగ్గర రెండు వైపులా చిన్న ఉబ్బులు పెట్టి, నొక్కితే 'టిక్' మని కూర్చునేలా. తలకిందులు చేసి ఊపినా ఒక్క వయల్ రాలలేదు. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. రెండు నెలలకు డిపో నుంచి ఫిర్యాదు: వయల్స్ ఒక్కటీ పగల్లేదు, కానీ లేబుల్ మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చెరిగిపోయాయి. లారీ కుదిపిన ప్రతిసారీ నా ముచ్చటైన ఉబ్బు సరిగ్గా ఆ అంకెల మీదే రుద్దింది. తేదీ కనపడని ఇంజెక్షన్‌ని ఎవరూ వాడరు. అంటే పగిలినా ఒకటే, పగలకపోయినా ఒకటే.

తప్పు నాదే. డ్రాయింగులో ఉన్న సీసాను చూశానే తప్ప లేబుల్ అతికించిన సీసాను చూడలేదు. వయల్స్ కొలతలు చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8362 ప్రకారం 2ఆర్ వయల్ వ్యాసం 16 మి.మీ., అటూ ఇటూ 0.15 తేడా ఉండొచ్చు. అంటే లావుపాటిది 16.15. లేబుల్ జిగురుతో కలిపి 80 మైక్రాన్లు (0.08 మి.మీ.) అనుకుందాం. రెండు వైపులా కలిపి 0.16, అంచు మీద అంచు ఎక్కే చోట ఇంకో 0.08. మొత్తం 16.4 దగ్గరికి వస్తుంది. దీనికి 16.2 గుంత ఇస్తే వయల్ కూర్చుంటుంది, కానీ ఒరుసుకుంటూ కూర్చుంటుంది.

అందుకని ఇప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న, వయల్‌ని ఎక్కడ తాకవచ్చు, ఎక్కడ తాకకూడదు అని. లేబుల్‌ని తాకకూడదు. పైనున్న, వేలితో లేపితే ఊడొచ్చే ఫ్లిప్ ఆఫ్ మూతని పట్టుకోకూడదు. కుదుపుకి మూత లేచిందంటే ఆ వయల్‌ని ఎవరూ నమ్మరు. ఒక సీసా గాజు పక్క సీసా గాజుకి తగలకూడదు, ఎందుకంటే గాజు మీద పడే సన్నగీతే తర్వాత పగులుకి మొదలవుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది అడుగు అంచు పైన లేబుల్ లేని రెండు మూడు మిల్లీమీటర్లు, మూత కింద మెడ, భుజం వంపు. ట్రే పట్టు అంతా అక్కడే ఉండాలి. నడుము దగ్గర పక్కకి 0.4, 0.5 మి.మీ. ఖాళీ వదిలేస్తాను. చేత్తో ఊపితే వయల్ కాస్త కదులుతుంది, కొనేవాళ్ల ముఖం చిన్నబోతుంది. ఏం పర్లేదు.

యాంపుల్ అయితే ఇంకా జాగ్రత్త. సన్నగా ఉండే మెడ విరవడానికే చేసిన చోటు. ట్రే గోడ అక్కడ తగిలిందా, విరిచే పని ఆస్పత్రిలో కాకుండా దారిలోనే అయిపోతుంది. పట్టుకోవాల్సింది పొట్టనే.

ఇంకో చిన్న సంగతి. 2ఆర్, 4ఆర్ రెండూ 16 మి.మీ. వయల్సే, ఎత్తు మాత్రం 35, 45. "వ్యాసం ఒకటేగా, 4ఆర్ ట్రేలోనే 2ఆర్ కూడా వేసేద్దాం" అంటారు. పడుకోబెట్టి చూస్తే అందంగానే కూర్చుంటుంది, కానీ పొడవునా పది మిల్లీమీటర్లు పరుగులు పెడుతుంది.

అపోహ: షీటు మందం పెంచితే ట్రే బలం పెరుగుతుంది

"0.4 మి.మీ. వద్దు, 0.6 వేయండి, డబ్బు గురించి చూడకండి." ఇలా చెప్పేవాళ్లు మంచివాళ్లే. ఆ డబ్బు ఎటు పోతుందో వాళ్లకి చెప్పాల్సిన బాధ్యత మాది.

ఈ ట్రేలు పోత పోసేవి కావు. షీటుని వేడి చేసి మెత్తబరిచి, డై మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తే షీటు గుంతల్లోకి సాగుతుంది. చపాతీ పిండిని గిన్నెలోకి నొక్కినట్టు. సాగిన చోటల్లా పల్చబడుతుంది. అందుకే నేను అడిగేది 'షీటు మందం ఎంత' అని కాదు, 'గుంత అడుగు మూల దగ్గర ఎంత మిగిలింది' అని.

లెక్క చూడండి. 17 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. లోతు ఉన్న గుండ్రటి గుంత అనుకోండి. దాని నోటి వైశాల్యం దాదాపు 227 చదరపు మి.మీ. అడుగు, గోడ కలిపితే 868. నోటి మీదున్న ప్లాస్టిక్కే మొత్తం గుంతకి సర్దుకోవాలంటే 3.8 రెట్లు సాగాలి. 0.4 షీటు సగటున 0.1కి వచ్చేస్తుంది. అది సగటు. షీటు చివరగా చేరేది అడుగు మూలకి కాబట్టి అక్కడ ఇంకా తక్కువ. వయల్ బరువంతా ఆనేది ఆ మూలమీదే మరి. 0.6 షీటు వేసినా అదే గుంతలో సగటు 0.16 దాటదు. ఇటు బరువు, ఖర్చు మాత్రం ఒకటిన్నర రెట్లు.

అదే వయల్‌ని పడుకోబెట్టండి. సగం లోతు అర్ధచంద్రపు గాడి చాలు. ఆ వంపు పొడవు వ్యాసానికి 1.57 రెట్లే. చివర గోడలు కలుపుకున్నా ప్లాస్టిక్ హాయిగా సర్దుకుంటుంది. చిన్న వయల్స్ ట్రేలు ఎక్కువగా పడుకోబెట్టేవిగా ఉండడానికి ఇదొక కారణం. నిలబెట్టే తీరాలంటే సీసా చుట్టూ గోడ కట్టక్కర్లేదు. నాలుగు మూలల్లో నాలుగు గుంజల్లాగా నిలిపి మధ్యలో తెరిచి ఉంచితే సాగుడు తగ్గుతుంది, పట్టు ఉంటుంది.

ఇక ట్రే వంగడం సంగతి. చదునైన షీటు గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, 0.4ని 0.5 చేస్తే దాదాపు రెండింతలు. వినడానికి బాగుంది. కానీ అదే 0.4 షీటులో ట్రే పొడవునా 3 మి.మీ. ఎత్తున ఒక రిబ్బు (ఉబ్బెత్తు గీత) లేపితే, అంచుని ఒక మడత కిందికి దించితే, వచ్చే గట్టిదనం అంతకన్నా చాలా ఎక్కువ. పాత రేకుల షెడ్డు చూడండి. ఆ రేకు వంగకుండా నిలబడేది మందంతో కాదు, ముడతలతో. డైలో రిబ్బు చెక్కించడానికి ఒక్కసారే ఖర్చు. మందం ఖర్చు ప్రతి ట్రేకీ.

అపోహ: డై ఉందిగా, పీవీసీ బదులు పీపీలో లాగేయండి

ఈ మధ్య ఈ మాట ఎక్కువైంది. పీవీసీ, పీపీ (పాలీప్రొపిలీన్) రెండూ ట్రే షీటుకి వాడే ప్లాస్టిక్ రకాలు. పీవీసీ వద్దనడానికి కారణాలున్నాయి. కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) రీసైక్లింగులో కొన్ని పీవీసీ ముక్కలు కలిసినా సరుకు పాడవుతుంది. రెండింటి సాంద్రతా దగ్గర దగ్గరగా ఉండటంతో నీళ్లలో వేసి వేరుచేద్దామన్నా కుదరదు. కంటికి కూడా ఒకేలా ఉంటాయి. గట్టిగా మడిచి చూడండి, పీవీసీ అయితే మడత దగ్గర తెల్లగా గీత పడుతుంది.

కానీ డై సంగతి వేరు. చల్లబడ్డప్పుడు పీవీసీ, ఏపెట్ (ట్రేలకి వాడే పెట్ షీటు) అర శాతం లోపే కుంచించుకుంటాయి. పీపీ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా. 180 మి.మీ. పొడవు ట్రేలో మొదటి రెండింటికీ తేడా ఒక మిల్లీమీటరు కూడా రాదు. పీపీకి మూడున్నర దాకా వెళ్తుంది. ఒక్కో గుంతా బిగుసుకుంటుంది, గుంతల మధ్య దూరం తగ్గుతుంది, వయల్స్ పెట్టే మెషీన్ అయితే మొదటి రెండు వరుసలు సరిగ్గా పెట్టి మూడో వరుసలో సీసాని గోడకేసి కొడుతుంది. పైగా పీపీకి వేడి చేసే ఉష్ణోగ్రత హద్దు చాలా ఇరుకు; కాస్త తగ్గితే గుంత నిండదు, కాస్త పెరిగితే షీటు జారిపోతుంది. పీవీసీ నుంచి ఏపెట్‌కి మారడం చాలాసార్లు అదే డైతో అవుతుంది. పీపీకి మాత్రం కొత్త డై లెక్క వేసుకోవాల్సిందే.

ఎండ, చలి కూడా చూసుకోవాలి. పీవీసీ, ఏపెట్ 70-80 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. అంతకన్నా తక్కువలో కూడా, పైన బరువుండి గంటల తరబడి వేడిలో ఉంటే మెల్లగా వంగుతాయి. మే నెలలో విజయవాడ బైపాస్ మీద మధ్యాహ్నం ఆగిన మూసిన లారీ లోపల ఎలా ఉంటుందో లోడింగ్ వాళ్లని అడగండి. అటు గడ్డకట్టించి నిల్వచేసే మందులకి మామూలు పీపీ పనికిరాదు. సున్నా డిగ్రీల దగ్గరకొచ్చేసరికి పెళుసెక్కుతుంది. 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్ సరుకుకి ఏపెట్ చక్కగా సరిపోతుంది.

అపోహ: డ్రాప్ టెస్ట్ పాసైతే దిగులు లేదు

డబ్బాని ఎత్తి పడేయడం చూడ్డానికి బాగుంటుంది, వీడియో తీసుకోవచ్చు. ఇస్టా 1ఎ అనే రవాణా ప్యాకింగ్ పరీక్ష పద్ధతిలో పది కిలోల లోపు పెట్టెని 76 సెంటీమీటర్ల ఎత్తునుంచి పదిసార్లు పడేస్తారు: ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాలు. నా దగ్గరికొచ్చిన ట్రేలలో ఈ పరీక్షలో పోయినవి తక్కువ. అదే పద్ధతిలో ఇంకో సగం ఉంటుంది, దాని గురించి ఎవరూ అడగరు. 25 మి.మీ. లేచి పడే బల్ల మీద పెట్టెని 14,200 సార్లు కుదుపుతారు. దాదాపు గంట పడుతుంది, చూస్తుంటే నిద్రొస్తుంది. నా లేబుల్ చెరిగిన ట్రే డ్రాప్ టెస్ట్ పాసైందే. ఈ గంట బల్ల మీద పెట్టి ఉంటే అంకెలు చెరగడం అక్కడే కనిపించేది.

పరీక్షయ్యాక పగిలినవి లెక్కపెట్టి సంతకం పెట్టేయకండి. ప్రతి వయల్ తీసి లేబుల్ చదవండి. గుంత అడుగున తెల్లటి పొడి ఉందేమో నల్ల కాగితం మీద దులిపి చూడండి. ఉంటే ప్లాస్టిక్, గాజు, అల్యూమినియం మూతల్లో ఏదో ఒకటి అరుగుతోంది. పరీక్షలో వాడాల్సింది కూడా నీళ్లు నింపి, లేబుల్ అంటించి, మూత బిగించిన అసలు వయల్సే. ఖాళీ సీసాలు తేలిగ్గా ఉండి మోసం చేస్తాయి. సొంతంగా బల్ల లేనివాళ్లకి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ ఉంది, హైదరాబాద్‌లోనూ వాళ్ల కేంద్రం ఉంది.

అపోహ: ప్లాస్టిక్ ట్రేలని ప్రభుత్వం నిషేధించింది

2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం జాబితాలో 'ట్రే' అన్న మాట నిజంగానే ఉంది. ఆ వారం నాకొచ్చిన ఫోన్లకి లెక్క లేదు, టెన్షన్ నాకూ లేకపోలేదు. అయితే ఆ మాట ఉన్నది ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాల వరసలో. సరుకుని పట్టి ఉంచే ట్రే ప్యాకేజింగ్ కిందికి వస్తుంది. దానికి 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఈపీఆర్ (వాడిన ప్లాస్టిక్ బాధ్యత తయారీదారులదే అనే) మార్గదర్శకాలు వర్తిస్తాయి, అందులో గట్టి ప్లాస్టిక్ మొదటి వర్గం. అంటే నిషేధం లేదు, బాధ్యత ఉంది: నమోదు, ఎంత వాడారో లెక్క, అంత తిరిగి సేకరించి రీసైకిల్ చేయించడం. "కాగితపు గుజ్జు ట్రేకి మారిపోదాం" అనేవాళ్లకి ఒక్కటే చెప్తాను. గుడ్లకి, ఫోన్లకి అది బ్రహ్మాండం. కానీ దాన్నుంచి నూగు రాలుతుంది. ఇంజెక్షన్లు ప్యాక్ చేసే గదిలోకి దాన్ని తీసుకెళ్తే క్వాలిటీ వాళ్లు తలుపు దగ్గరే ఆపేస్తారు.

అపోహ: 3డి ప్రింట్ నమూనాలో సరిపోయింది, ఇక డై చేయించేయొచ్చు

ప్రింట్‌లో గోడ అంతటా ఒకే మందం ఉంటుంది. అసలు ట్రేలో ఉండదు. వయల్ కొలత, చేతి వేళ్ల ఖాళీ చూసుకోవడానికి ప్రింట్ మంచిదే. పట్టు చూసుకోవాలంటే మాత్రం ఆ ప్రింట్‌నో, చెక్కనో డైగా వాడి నాలుగు షీట్లు లాగి చూడాలి. ఒక రోజు పని.

అపోహ: ట్రేలు ఒకదానిలో ఒకటి ఎంత బాగా ఇమిడితే అంత మేలు

పెళ్లి భోజనాల దగ్గర ప్లాస్టిక్ గ్లాసులు అతుక్కుపోయి, ఒకటి లాగితే నాలుగు రావడం చూసే ఉంటారు. ట్రేలకీ అదే జరుగుతుంది. రవాణాకి చోటు తగ్గుతుందని పూర్తిగా ఇమిడేలా చేస్తే, లైన్ మీద మెషీన్ ఒకేసారి రెండు తీస్తుంది. రెండు ట్రేలున్న కార్టన్‌కి మూత పడదు, లైన్ ఆగుతుంది. కాబట్టి గోడలకి కనీసం మూడు నుంచి ఐదు డిగ్రీల వాలు ఇచ్చి, పై ట్రే కింది ట్రే మీద కొద్ది ఎత్తులో ఆగేలా చిన్న మెట్లు పెడతాం. ఆ మెట్లని ట్రే రెండు కొసల్లో వేర్వేరు చోట్ల పెడితే, ఒకటి విడిచి ఒకటి తిప్పి పేర్చినప్పుడు ఇరుక్కోవు. వెయ్యి ట్రేల దొంతర కొంచెం పొడవు పెరుగుతుంది, అంతే.

అపోహ: తీయడం ఎలాగోలా తీస్తారు

తీసేది నర్సు. చేతికి గ్లవ్స్, ఒక్కోసారి రెండు జతలు. రెండో చేత్తో ఇంకేదో పట్టుకుని ఉంటుంది. వయల్‌కి రెండు వైపులా వేలు దూరే ఖాళీ లేకపోతే ట్రేని వంచి తీస్తుంది. అప్పుడు పక్క వయల్స్ ఎగిరి కింద పడతాయి. ఫ్యాక్టరీ నుంచి ఆస్పత్రి దాకా క్షేమంగా వచ్చి, బల్ల మీంచి పడి పగిలిన సీసాలు చాలానే ఉన్నాయి. పడుకోబెట్టే ట్రేలో గాడులన్నిటినీ అడ్డంగా కోస్తూ 18-20 మి.మీ. వెడల్పు కాలవ ఒకటి పెడతాను. రిబ్బుల గట్టిదనం అక్కడ తెగుతుంది కాబట్టి దాని పక్కనే ఇంకో మడత ఇవ్వాలి, అది నా తలనొప్పి. కొత్త నమూనా రాగానే గ్లవ్స్ వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో పది వయల్సూ తీసి చూస్తాను. ఎనిమిదో వయల్ దగ్గర ట్రే లేచిందంటే డ్రాయింగు మళ్లీ కంప్యూటర్ ముందుకి వెళ్తుంది.