వేట మాంసం కుక్కకు పెట్టే ముందు

గబ్బిలాలను పక్కన పెడితే న్యూజిలాండ్ నేల మీద తిరిగే సొంత క్షీరదాలు లేవు. ఇవాళ అక్కడ కనిపించే కుందేలు, పాసమ్, అడవి పంది, జింక అన్నీ మనుషులు ఓడల్లో తెచ్చి వదిలినవే. పాసమ్‌ను 19వ శతాబ్దంలో బొచ్చు వ్యాపారం కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చారు. పిల్లి సైజులో ఉండే ఈ జంతువు చెట్ల చిగుళ్లు మేసి, పక్షి గూళ్లలో గుడ్లు కూడా వదలకుండా అక్కడి అడవులను గుల్ల చేసింది. కుందేళ్లేమో పచ్చిక బయళ్లు మేసేసి గొర్రెల నోటి కాడ కూడు లాక్కున్నాయి. అందుకే వీటిని కాల్చడం అక్కడ రైతు చేసే మామూలు పనుల్లో ఒకటి. కాల్చిన కుందేలును గుంటలో పడేసే బదులు కుక్కకు పెడితే పోలా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వండని మాంసం, ఎముకల మీదే కుక్కను పెంచేవాళ్లకు అయితే అది ఇంకా సహజంగా తోస్తుంది.

ఆ ఆలోచనలో నాకు తప్పు కనిపించదు. ఎలాగూ చంపక తప్పని జంతువు మాంసం వృథా కాకపోవడం మంచిదే. కాకపోతే పచ్చి మాంసం అనగానే అందరూ క్రిముల గురించే ఆలోచిస్తారు. కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్‌లో పెడితే అన్నీ చస్తాయని ధైర్యంగా ఉంటారు. వేట మాంసం విషయంలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ జంతువు చచ్చేముందు ఏం తింది? ఏ నేల మీద తిరిగింది? చలికి లొంగే ప్రమాదాలు కొన్ని, వేడికి లొంగేవి కొన్ని. రెండింటికీ లొంగనివీ ఉన్నాయి.

ముందు చలికి లొంగే వాటి సంగతి. కుందేలు పొట్ట కోసి చూస్తే ఒక్కోసారి పేగులను పట్టి ఉంచే పలచని పొర మీద బఠాణీ గింజలంత నీటి బుడగలు కనిపిస్తాయి. లోపల స్వచ్ఛమైన నీరు, ఆ నీటిలో ఒక తెల్లని చుక్క. ఆ చుక్క బద్దెపురుగు పిల్ల. కుక్క దాన్ని పచ్చిగా మింగితే పేగులో అది పెద్ద పురుగవుతుంది. కుక్కకు పెద్దగా కీడు చేయదు, మందుతో పోతుంది. గొర్రె మాంసంలోనూ ఇలాంటి తిత్తులుంటాయి కాబట్టి న్యూజిలాండ్‌లో ఇంటి దగ్గర కోసిన గొర్రె, మేక మాంసాన్ని కుక్కకు పెట్టాలంటే మైనస్ 10 డిగ్రీల దగ్గర కనీసం 10 రోజులు గడ్డకట్టించాలని చెబుతారు. లేదా ముక్క నడిమధ్యన కూడా 72 డిగ్రీల వేడి తగిలేలా ఉడికించాలి. కుందేలుకూ ఇదే పద్ధతి పాటించడం మంచిది. ఇంట్లో ఉండే డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దాకా పోతుంది కనుక ఇది కష్టమేం కాదు. మాంసాన్ని లావు ముద్దగా కాకుండా పలచగా పరిచి పెట్టాలి, లేకపోతే లోపలి దాకా చలి చేరడానికి చాలా సమయం పడుతుంది.

అన్ని తిత్తులూ ఇంత సాధువైనవి కావు. హైడాటిడ్ అనే మరో రకం బద్దెపురుగు తిత్తి గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. దాన్ని తిన్న కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పొడవు కూడా దాటని పురుగులు వేలకొద్దీ పుడతాయి. కుక్క హుషారుగానే ఉంటుంది. దాని మలంలోంచి బయటపడిన గుడ్లు బొచ్చుకు అంటుకుని, అక్కడి నుంచి చేతికి, చేతి నుంచి నోటికి చేరితే మనిషి కార్జంలో ఏళ్ల తరబడి తిత్తి పెరుగుతుంది. చివరికి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు ఇది పెద్ద సమస్య. 1959లో దీనికోసం ప్రత్యేక చట్టమే చేశారు. పల్లెల్లో కుక్కలన్నిటినీ ఒక చోటికి పట్టుకొచ్చి, అరెకోలిన్ అనే మందు పట్టి, విరేచనంలో పురుగులున్నాయేమో పరీక్షించేవారు. ఈ అరెకోలిన్ మన తాంబూలంలో నమిలే వక్కలో ఉండే పదార్థమే. పచ్చి కార్జం, ఊపిరితిత్తులు, బోటి కుక్కకు పెట్టకూడదన్నారు. పెట్టాలంటే కనీసం 30 నిమిషాలు మరగబెట్టాలన్నారు. అలా తరాల తరబడి పట్టుబట్టి, 2002లో దేశం ఈ వ్యాధి నుంచి తాత్కాలికంగా బయటపడిందని ప్రకటించుకోగలిగారు. మన దేశంలో హైడాటిడ్ కేసులు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. మటన్ కొట్టు వెనక పారేసిన ఊపిరితిత్తుల కోసం కుక్కలు కొట్లాడుకోవడం మనకు రోజూ కనిపించేదే కదా.

బ్యాక్టీరియా దగ్గరికొస్తే ఫ్రీజర్ చేతులెత్తేస్తుంది. గడ్డకట్టిన మాంసంలో సాల్మొనెల్లా చావదు, కరిగించగానే మళ్లీ పెరుగుతుంది. న్యూజిలాండ్‌లో పశువుల టీబీని అడవుల్లో నిలబెట్టి వ్యాపింపజేసేది ముఖ్యంగా పాసమ్‌లే. టీబీ క్రిమి కూడా చలికి చావదు. అందుకే గొంతు దగ్గర, చంకల్లో, ఊపిరితిత్తుల పక్కన లింఫ్ గ్రంథులు వాచి, కోస్తే లోపల చీము గానీ పెరుగులాంటి ముద్ద గానీ కనిపిస్తే ఆ జంతువును మొత్తంగా వదిలేయాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ అడవి పందుల్లో బ్రూసెల్లా అనే క్రిమి ఉంది. పందుల వేటకు వెళ్లే కుక్కలకు, వాటి మాంసం పచ్చిగా తిన్న కుక్కలకు అది సోకుతుంది. మగ కుక్కకు వృషణాలు వాస్తాయి, ఆడ కుక్కకు గర్భం పోతుంది, కొన్నిటిలో ఏ లక్షణమూ కనిపించదు. పంది కోసేవాళ్ల చేతి గాట్ల ద్వారా మనుషులకూ అంటుతుంది. యూరప్ అడవి పందుల్లో ఉండే ఆజెస్కీ వైరస్ సోకిన కుక్క ముఖం రక్తం కారేలా గీక్కుని రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. దానికి మందు లేదు. అడవి పంది మాంసం మాత్రం ఏ దేశంలోనైనా ఉడికించే పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక చలికీ వేడికీ లొంగనివి విషాలు. పాసమ్‌లను తగ్గించడానికి న్యూజిలాండ్ ప్రభుత్వం సోడియం ఫ్లోరోఅసిటేట్ అనే విషాన్ని వాడుతుంది. అక్కడ దాన్ని 1080 అనే పేరుతోనే పిలుస్తారు. ఆకుపచ్చ రంగు వేసిన ఎర గుళికల్లో కలిపి హెలికాప్టర్ల నుంచి అడవి మీద చల్లుతారు. ఆస్ట్రేలియాలో కొన్ని మొక్కలు సహజంగానే ఈ పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. శరీరంలోకి వెళ్లాక కణం దీన్ని మామూలు ఇంధనం లాగే తీసుకుని ఫ్లోరోసిట్రేట్‌గా మారుస్తుంది. శక్తిని తయారు చేసే రసాయన చక్రం అక్కడితో ఆగిపోతుంది. గుండెకు, మెదడుకు శక్తి అందదు. జంతువులన్నిటిలో కుక్క దీనికి మరీ తొందరగా లొంగిపోతుంది. కిలో బరువుకు 0.06 మిల్లీగ్రాములు చాలు, అంటే 20 కిలోల కుక్కకు ఆవగింజ బరువు కన్నా తక్కువ విషం. పాసమ్‌కు ప్రాణాంతకమయ్యే మోతాదు దీనికి పది రెట్లకు పైనే. కాబట్టి ఆ ఎర తిని చచ్చిన పాసమ్ పొట్టలో ఒక కుక్కను చంపడానికి కావలసిన దానికంటే చాలా ఎక్కువ మిగిలి ఉంటుంది. తిన్న అరగంట నుంచి కొన్ని గంటల్లోపు కుక్క అరుస్తూ పిచ్చిగా పరుగెత్తి, ఫిట్స్ వచ్చి పడిపోతుంది. విరుగుడు లేదు. మట్టిలో, నీటిలో ఈ విషం బ్యాక్టీరియా వల్ల విరిగిపోతుంది గానీ, చలి ప్రాంతాల్లో కళేబరంలో నెలల తరబడి నిలుస్తుంది. అడవి మొదట్లో పెట్టిన హెచ్చరిక బోర్డులను అంతకాలం అలాగే ఉంచేది అందుకే.

బ్రోడిఫాకమ్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఇది ఎలుకల మందు. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ కె శరీరంలో తిరిగి తయారు కాకుండా అడ్డుకుంటుంది. తిన్న జంతువు వెంటనే చావదు, మూడు నుంచి అయిదు రోజులు మామూలుగానే తిరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని ఎవరైనా కాలిస్తే పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. చావనంత మోతాదులో తిన్న పంది కార్జంలో ఈ విషం నెలల పాటు ఉండిపోతుంది. ఉడికించినా పోదు.

చూడండి, తిత్తులు చేరేదీ కార్జంలోనే, విషం నిలిచేదీ కార్జంలోనే. పచ్చి మాంసం మీద కుక్కలను పెంచేవాళ్లు విటమిన్ ఎ కోసం కార్జాన్ని తప్పనిసరిగా పెడతారు, పెట్టాలి కూడా. అయితే వేట జంతువుది వద్దు. డాక్టర్ పరీక్షించి ముద్ర వేసిన కబేళా నుంచి వచ్చిన కార్జం కొని, దాన్ని ఈ మాంసానికి కలపండి. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ తగ్గుతుంది.

మాంసంలోనే దాగే విషం కూడా ఒకటుంది. 2021లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఉన్నట్టుండి కుక్కలకు కాలేయం పాడవడం మొదలైంది. 20కి పైగా చనిపోయాయి. ఆరా తీస్తే అవి తిన్నది ఉత్తరాన నార్తర్న్ టెరిటరీ నుంచి వచ్చిన గుర్రపు మాంసమని తేలింది. అక్కడి గుర్రాలు మన నీలిమందు మొక్క జాతికే చెందిన ఒక మొక్కను మేస్తాయి. అందులో ఇండోస్పిసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అది గుర్రం కండల్లో చేరి నెలలు నిలుస్తుంది. మామూలుగా వండితే పోదు. ఒంటె మాంసంలోనూ ఇది దొరికింది. ఎక్కడి మాంసమో చెప్పలేని సరుకు ఎంత చవకగా వచ్చినా కొనకూడదని నేననేది ఇందుకే.

కాబట్టి కుందేలును మీరే కాల్చాలి, లేదా బాగా తెలిసిన మనిషి కాల్చాలి. ఆ పొలంలో, పక్క పొలాల్లో ఇటీవల ఏ మందు పెట్టారో యజమానిని అడగాలి. న్యూజిలాండ్‌లో వేట మాంసం అమ్మేవాళ్లు ఈ వివరాలను కాగితం మీద రాసి ఇవ్వాలన్న నియమమే ఉంది. చచ్చి పడి ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. కుందేళ్లను చంపడానికి వదిలిన కాలిసివైరస్ కుక్కకు అంటదన్నది నిజమే, కానీ దారిలో పడి ఉన్న కుందేలు వైరస్‌తో చచ్చిందో కుందేళ్లకు పెట్టే పిండోన్ అనే విషంతో చచ్చిందో చూసి చెప్పలేం. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి. అమెరికాలో అయితే కుందేళ్ల నుంచి తులరేమియా అనే జబ్బు మనిషికి కూడా వస్తుంది. పొట్ట తెరవగానే గుండు తగలని చోట రక్తం మడుగు కట్టి ఉన్నా, కండల మధ్య నల్లటి కమిలిన మచ్చలున్నా, జీర్ణకోశంలో ఆకుపచ్చ రంగు గుళికలు కనిపించినా అక్కడే ఆపేయండి. సీసపు గుండుతో కాలిస్తే గాయం చుట్టూ జానెడు మేర మాంసం కోసి పారేయాలి. కంటికి కనిపించని సీసపు రేణువులు అంత దూరం చిమ్ముతాయి.

ఆంధ్ర, తెలంగాణల్లో కుందేలును, అడవి పందిని సొంతంగా వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి మనకు వేట మాంసం ప్రశ్న రాదు. ఎలుకల ప్రశ్న మాత్రం వస్తుంది. వరి చేలల్లో, గోదాముల్లో పెట్టే బ్రొమాడియోలోన్ కూడా బ్రోడిఫాకమ్ లాగే పనిచేస్తుంది. ఆ మందు తిని మందకొడిగా తిరిగే ఎలుకే కుక్కకు సులువుగా దొరుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే పొట్టలోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు అవుతుంది. అలాంటి కుక్క వాంతి చేసుకుంటుంటే గదిలో ఉండకండి, ఆ గాలి మీకూ ప్రమాదమే.

కుక్క విషపు ఎలుకను తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా, మందు ప్యాకెట్ దొరికితే దాన్ని పట్టుకుని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గడ్డకట్టనివ్వని విషాలకు విటమిన్ కె1 మంచి విరుగుడు. అయితే దాన్ని వారాల తరబడి ఇవ్వాలి, కుక్క కోలుకున్నట్టు కనిపించినా మధ్యలో మానకూడదు. ఆపిన రెండు మూడు రోజులకు రక్తం గడ్డకట్టే సమయాన్ని మళ్లీ పరీక్ష చేయించండి. కార్జంలో విషం ఇంకా మిగిలి ఉంటే ఆ పరీక్షలో బయటపడుతుంది.