సోలార్ కరెంటు: గూడేల్లో, ఊళ్లలో తరచూ వినిపించే అపోహలు

గుంటూరు నుంచి పల్నాడు దాటి నల్లమల అంచున ఉన్న చెంచు గూడేల దాకా సోలార్ యూనిట్లు బిగించడం, బాగుచేయడం నా పని.

అపోహ: మన ఎండలకు సోలార్ దంచేస్తుంది.

ప్యానెల్ వెలుతురుతో పనిచేస్తుంది, వేడెక్కితే నీరసిస్తుంది. వెనక స్టిక్కర్ మీద ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే దాదాపు ఏడో వంతు పోయినట్టే. అందుకే రేకుకు ఆనించి బిగించొద్దని గట్టిగా చెబుతాను. కింద గాలి ఆడాలి. మన ప్రాంతంలో దక్షిణానికి తిప్పి, 16 డిగ్రీల వాలు ఇస్తే సరిపోతుంది, వానకు దుమ్ము కూడా జారిపోతుంది.

అపోహ: ఒకసారి పెడితే పాతికేళ్లు చూడక్కర్లేదు.

నేను ఎక్కువగా పోరాడేది దీనితోనే. పాతికేళ్ల వారంటీ ప్యానెల్‌కే. గూడెంలో లైటు ఆరిపోయిందంటే ముందు చూడాల్సింది బ్యాటరీని. లెడ్ యాసిడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ దొరక్క బోరు నీళ్లు పోస్తారు, అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా కాపాడే చార్జ్ కంట్రోలర్ ఎర్ర లైటు చూపించి సరఫరా ఆపేస్తే, దాన్ని తప్పించి టీవీ వైరు నేరుగా బ్యాటరీకి కలుపుతారు. అలా అడుగంటా వాడితే బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. ఇందులో వాళ్ల తప్పు లేదు, ఎవరూ చెప్పలేదు. దారి సరిగా లేని చోట ధర ఎక్కువైనా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీయే పెట్టాలంటాను. నీళ్లు పోసే పని లేదు, చాలా ఏళ్లు వస్తుంది. అదైనా ఏదో ఒక రోజు మార్చాల్సిందే. ఇంటికింతని నెలనెలా పోగేసి డ్వాక్రా సంఘం ఖాతాలో వేసుకుంటే, ఫ్యూజు మార్చడం, వైరు బిగించడం ఊళ్లోనే ఒకరికి నేర్పిస్తే ఆ యూనిట్ నిలుస్తుంది. ఆ మనిషికి కూలి ఇవ్వాలి, ఊరికే చేయమనడం న్యాయం కాదు.

అపోహ: సోలార్ బల్బు వరకే.

300 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు ఒక యూనిట్ కరెంటుకు పైనే ఇస్తుంది. తక్కువ కరెంటు లాగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను పది గంటలు, 9 వాట్ల బల్బులు మూడు ఐదేసి గంటలు, ఫోన్ చార్జింగ్ కలిపినా అర యూనిట్ దాటదు. పాత రకం 75 వాట్ల ఫ్యాను పెడితే ఈ అర యూనిట్ లెక్క తప్పుతుంది.

అపోహ: ఇంటి మీద సోలార్ ఉంటే లైన్ పోయినా మనకు కరెంటు ఉంటుంది.

బెజవాడ వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. లైన్‌కు ఇచ్చిన, తీసుకున్న కరెంటును లెక్కకట్టే నెట్ మీటర్‌తో లైన్‌కు కలిపిన మామూలు సిస్టమ్, లైన్ పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటిలా సరఫరా నిలిచిపోతే ఇలాంటి సిస్టమ్ ఆదుకోదు. లైన్ లేకున్నా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి.

అపోహ: రేపో మాపో లైన్ వస్తుంది, సోలార్ దండగ.

నల్లమల పులుల అభయారణ్యంలో స్తంభాలు పాతాలంటే అటవీ అనుమతులు కావాలి. అందుకే చెంచులవంటి ఆదిమ తెగల కోసం 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో, లైన్ వేయలేని ఇళ్లకు సోలార్ ఇవ్వడం కూడా ఉంది. మీ గూడేనికి యూనిట్ మంజూరైతే నిర్వహణ ఎన్నేళ్లు, చెడిపోతే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అనేవి బిగించకముందే కాగితం మీద రాయించుకోండి.