ఇరుసుకు ముందెంత, వెనకెంత

మా నాన్న ఎడ్లబండికి ధాన్యం ఎత్తించేటప్పుడు బస్తాల లెక్క కంటే ఇరుసునే ఎక్కువ చూసేవాడు. బస్తా 75 కిలోలు. మొదటి నాలుగూ సరిగ్గా ఇరుసు మీదుగా పడాలి. తర్వాత ముందుకొకటి, వెనక్కొకటి. అంతా అయ్యాక నొగల (బండి నుంచి కాడి దాకా ముందుకు సాగే కొయ్యల) కొస పట్టుకుని ఒక్కసారి పైకెత్తి చూసేవాడు. తేలిగ్గా లేచిపోతే ఒక బస్తా ముందుకు జరిపించేవాడు, కదలకపోతే వెనక్కి. రాజాం దారిలో ఎత్తు వచ్చిందంటే వెనక కూర్చున్న నన్ను కేకేసేవాడు: "ఒరే, ముందుకొచ్చి కూకో. కాడి లేచిందంటే తాడు ఎద్దు గొంతు నొక్కేస్తాది."

అప్పుడు నా బరువు 25 కిలోలు ఉంటుందేమో. అంత చిన్న బరువుతో ఏమవుతుంది అనిపిస్తుంది కానీ, నేను రెండు మీటర్లు ముందుకు జరిగితే ఇరుసుకు మూడు మీటర్ల దూరంలో ఉన్న కాడి మీద దాదాపు 17 కిలోలు పెరుగుతాయి. బరువును దూరంతో గుణిస్తే వచ్చేదాన్ని పాఠాల్లో భ్రామకం అంటాం. బళ్లో ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా కళ్ల ముందు ఉన్నది నాన్న చేతిలోని నొగ కొసే.

బండి పోయి ట్రాక్టరు వచ్చినా లెక్క మారలేదు. సంకిలి చెరకు ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లను చూడండి. నాలుగు చక్రాల ట్రక్కయితే దాని బరువు దాని చక్రాలే మోసుకుంటాయి, ట్రాక్టరు లాగితే చాలు. రెండు చక్రాల ట్రక్కు మాత్రం ఎడ్లబండి లాంటిదే, ముందు భాగం ట్రాక్టరు హుక్కు మీద ఆనుతుంది. ఒకసారి నాగావళి రేవులోంచి ఇసుక ట్రక్కుతో గట్టెక్కుతున్న ట్రాక్టరు మడ్‌గార్డు మీద నేనూ కూర్చున్నాను, కూర్చోకూడదు. ఇసుకంతా ట్రక్కు ముందు వైపే పోశారు. సగం ఎత్తుకి వచ్చేసరికి ముందు చక్రాలు నేల వదిలి జానెడు పైకి లేచాయి. డ్రైవరు స్టీరింగు పూర్తిగా తిప్పినా బండి నేరుగానే పోతోంది. అతను కంగారు పడకుండా వేగం తగ్గించి, వెనక చక్రానికి ఒకవైపు బ్రేకు మాత్రమే తొక్కి దిశ మార్చాడు. ఒళ్లంతా చెమటలు పట్టాయి నాకు.

హుక్కు వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది కాబట్టి, దాని మీద పడిన బరువు వెనక ఇరుసును ఆసరా చేసుకుని ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ఎత్తెక్కేటప్పుడు ఇంజను లాగుడు కూడా ట్రాక్టరును అదే వైపు తిప్పుతుంది. అందుకే లాగే హుక్కు ఎప్పుడూ వెనక ఇరుసు కంటే కిందే ఉండాలి. గొలుసు తీసుకెళ్లి పైన టాప్ లింకు (నాగలి లాంటి పనిముట్లను పట్టుకునే పై కడ్డీ) దగ్గర కట్టి లాగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ట్రాక్టరు వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు, దూకే వ్యవధి ఉండదు.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి మా చెల్లెలి కొడుకు కారణం. టెక్సాస్‌లో ఉంటాడు. పిల్లలతో తిరగడానికి ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. మంచాలు, వంటగది, బాత్రూం అన్నీ ఉన్న చిన్న ఇల్లు, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని పోతారు. "మావయ్యా, తగిలించగానే నా బండి ముక్కు పైకి లేస్తోంది. రాత్రి లైట్లు చెట్ల మీద పడుతున్నాయి" అని ఫోన్ చేశాడు. ముక్కు లేచిందంటే లైట్ల సంగతి తర్వాత, ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గిందన్న మాట. తిప్పడానికీ, ఆపడానికీ ఆ పట్టే కావాలి.

దీనికి అక్కడ వాడేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే బరువును పంచే కొక్కెం. పికప్ వెనక ఉన్న హిచ్ తలకాయ నుంచి రెండు ఉక్కు కడ్డీలు ట్రైలర్ ముందు చట్రం కిందుగా వెనక్కి సాగుతాయి. వాటి కొసలను గొలుసులతో పైకి లాగి చట్రానికి బిగిస్తారు. కడ్డీలు విల్లులా వంగుతాయి. మట్టి మోసే ఒంటి చక్రం బండి పిడులు పైకెత్తితే బరువు ముందున్న చక్రం మీదికి పోతుంది కదా, ఇక్కడ పిడులు ఆ కడ్డీలే. వాటి కొసలు పైకి లాగినకొద్దీ పికప్ ముక్కు కిందికి దిగుతుంది.

అంకెలతో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ట్రైలర్ 2500 కిలోలు, అందులో 300 కిలోలు హిచ్ బంతి (ట్రైలర్ ముందు కొస కూర్చునే ఇనుప గుండు) మీద ఆనుతున్నాయి అనుకుందాం. బంతి పికప్ వెనక ఇరుసుకు 1.2 మీటర్లు వెనక ఉంది, ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు. అప్పుడు ముందు ఇరుసు 100 కిలోలు పోగొట్టుకుంటుంది, వెనక ఇరుసు మీద 400 పెరుగుతాయి. పెట్టింది 300, పడింది 400! ఇప్పుడు కడ్డీలు బిగించి ఆ 100 కిలోలూ ముందుకు తిరిగి తెచ్చామనుకోండి. బంతికి ట్రైలర్ ఇరుసులు 5 మీటర్ల దూరంలో ఉంటే, వాటి మీద సుమారు 58 కిలోలు పెరుగుతాయి, పికప్ వెనక ఇరుసు మీద అదనం 242కి దిగుతుంది. 242, 58 కలిపితే మళ్లీ 300. బరువు ఎక్కడికీ పోలేదు, మూడు చోట్లకి పంచుకుంది. ఇంత పని చేయడానికి 75 సెంటీమీటర్ల కడ్డీ ఒక్కొక్కటీ కొస దగ్గర 190 కిలోల పైచిలుకు లాగుడు తట్టుకోవాలి.

అందుకే గొలుసు బిగించేటప్పుడు జాగ్రత్త. బంతికి తగిలించి తాళం వేశాక, ట్రైలర్ ముందు జాకీతో రెండు బండ్ల కలయికనూ పైకి లేపితే కడ్డీలు వదులవుతాయి, అప్పుడే గొలుసు లంకె మార్చాలి. జాకీ లేపకుండా పలుగుతో లాగే ప్రయత్నం చేస్తే, జారిన కడ్డీ చెయ్యి విరగ్గొడుతుంది. మావాడికి ఈ మాట మూడుసార్లు చెప్పాను.

బిగింపు సరిపోయిందో లేదో టేపుతోనే తెలుసుకోవచ్చు. చదునైన నేల మీద, ప్రయాణానికి వేసే సామానంతా వేసి, ముందు చక్రం పైనున్న అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో మూడుసార్లు కొలవాలి: ట్రైలర్ లేకుండా, తగిలించి కడ్డీలు లేకుండా, కడ్డీలు బిగించాక. 90 సెంటీమీటర్లు కాస్తా 93 అయిందనుకోండి, కనీసం 91.5కి దిగాలా, 90కే రావాలా అన్నది ఆ బండితో ఇచ్చిన పుస్తకం చెబుతుంది. పూర్తిగా వెనక్కి తేవద్దనే కంపెనీలూ ఉన్నాయి. చాలకపోతే హిచ్ తలకాయలో ఒక వాషరు చేర్చి దాన్ని మరికాస్త వెనక్కి వంచుతారు, లేదా రెండు వైపులా ఒక్కో లంకె పైకి బిగిస్తారు. ట్రైలర్ నేలకు సమాంతరంగా ఉండాలి.

అయితే ఈ కడ్డీలు తప్పుడు ఎత్తుడును సరిచేయలేవు. ఈ విషయంలో నాకు ఎలాంటి మొహమాటమూ లేదు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బంతి మీద ఉండాలంటారు. సామాను వెనక పడేసి అది బాగా తగ్గిపోతే, వేగం పెరిగాక ట్రైలర్ తోక పాములా ఊగడం మొదలుపెడుతుంది, ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. నాన్న నొగ ఎత్తి చూసుకున్నది ఈ శాతమే. ఎద్దుల నడకకు ఊగుడు రాదు, గంటకు 100 కిలోమీటర్లకు వస్తుంది. వస్తే పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, స్టీరింగు నిలకడగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకును మాత్రం డ్రైవరు దగ్గరుండే మీటతో చేత్తో వేయాలి.

మన ట్రాక్టర్లకు ఈ కడ్డీలు ఎందుకు పెట్టరని మావాడు అడిగాడు. పొలం గట్లు దాటేటప్పుడు హుక్కు దగ్గర కీలు స్వేచ్ఛగా పైకీ కిందికీ ఆడాలి, అంత గతుకుల్లో కడ్డీలు వంగిపోతాయి. పైగా ట్రాక్టరుకు వెనక చక్రాల మీద బరువు కావాలి. ముక్కు లేవకుండా ముందు ఇనుప దిమ్మలు తగిలిస్తే చాలు.

చివరికి అతన్ని కాటాకు పంపాను. చెరకు ట్రాక్టర్లు తూచే కాటా లాంటివే అక్కడా లారీల కోసం ఉంటాయి, ఒక్కో ఇరుసూ వేరువేరుగా తూచవచ్చు. పౌండ్లలో ఉన్న చీటీలు ఫోటో తీసి పంపితే కిలోల్లోకి మార్చాను. ముందు ఇరుసు మీద, ట్రైలర్ లేకుండా 1400. తగిలించాక 1300. కడ్డీలతో 1345. పోయిన దాంట్లో సగమైనా తిరిగి రావాలని అతని పుస్తకంలో ఉంది, ఐదు కిలోలు తక్కువ. "ఒక వాషరు చేర్చు నాన్నా" అన్నాను. మర్నాడు పొద్దున్నే ఇంకో చీటీ వచ్చింది, 1370.