కొండ ఊళ్లు దేంతో కొలుస్తాయి?

కొండ ఊళ్లో ఓ పెద్దాయన్ని పట్టుకుని "సగటు ఉష్ణోగ్రత ఎంత పెరిగింది?" అని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు. "మంచు ఎక్కడిదాకా పడేది?" అని అడిగితే మాత్రం చేయి చాచి చూపిస్తాడు. కనుమ దారి ఏ నెలలో మూసుకుపోయేదో, ఊట ఏ నెలదాకా పారేదో, ఇంట్లోకి దోమ మొదటిసారి ఎప్పుడొచ్చిందో చెబుతాడు. ఆయన వాతావరణాన్ని తన పనులతో కొలుస్తాడు. ఆ కొలతను మనం తక్కువగా చూస్తున్నామని నా బాధ.

హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటల సంగతే చూడండి. పాతరకం ఆపిల్ చెట్లు సరిగా కాపుకు రావాలంటే చలికాలంలో దాదాపు వెయ్యి గంటలపాటు 7 డిగ్రీల లోపు చలి కావాలి. కులు లోయ దిగువన ఆ చలి చాలకపోవడంతో తోటలు పైకి జరిగాయి. ఒకప్పుడు ఆపిల్‌కు మరీ చలి అనుకున్న లాహౌల్, స్పితి లోయల్లోనూ ఇప్పుడు కాస్తున్నాయి. దీని వెనక లెక్క తేలికే. కిలోమీటరు ఎత్తుకు వెళ్తే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఒక్క డిగ్రీ వేడెక్కితే, పాత చలి కోసం 150 మీటర్లు పైకి ఎక్కాలి. రైతు ఆ లెక్క వేయలేదు, కాపు చూసి కదిలాడు.

ఒక్కోసారి ఊరి మాటకీ వానమాపకానికీ పొంతన కుదరదు. ఊరు "వానలు తగ్గాయి" అంటుంది, రికార్డులో మొత్తం వాన అంతే ఉంటుంది. ఎవరిది తప్పు? చాలాసార్లు ఎవరిదీ కాదు. నెలంతా మెల్లగా పడాల్సిన వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తే వాలు మీద నుంచి జారిపోతుంది, నేలలోకి ఇంకదు. మంచుగా పడాల్సింది వానగా పడినా అంతే. మంచు వారాల తరబడి కరుగుతూ ఊటను నింపుతుంది, వాన గంటల్లో ఏటిలో కలిసిపోతుంది. బిందె పట్టుకుని ఊట దగ్గరికి వెళ్లే ఆడమనిషికి తెలిసేది నేలలో మిగిలిన నీరు. భారత హిమాలయాల్లో దాదాపు సగం ఊటలు ఎండిపోతున్నాయని 2018లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. ఇందులో రోడ్ల తవ్వకం, అడవుల నరికివేత పాత్ర కూడా ఉంది.

జ్ఞాపకం మోసం చేయదా అంటే, చేస్తుంది. చిన్నప్పటి ఒక్క పెద్ద మంచు తుపాను మామూలు చలికాలాలన్నిటినీ కప్పేస్తుంది. కుర్రవాళ్లకేమో ఇప్పుడున్న పలచటి మంచే మామూలు. కారణం దగ్గరకొచ్చేసరికి ఒకరు దేవుడి కోపం అంటారు, ఇంకొకరు గని తవ్వకం అంటారు. అందుకే చూసినదాన్నీ, దానికి చెప్పే కారణాన్నీ విడివిడిగా తూచాలి.

ఆండీస్ పర్వతాల రైతులు దీనికి మంచి సాక్ష్యం. పెరూ, బొలీవియాల్లో వాళ్లు జూన్ చివర్లో తెల్లవారకముందే లేచి కృత్తికా నక్షత్రాలను చూస్తారు. అవి మసకగా ఉంటే వానలు ఆలస్యమవుతాయని, బంగాళాదుంప నాట్లు వెనక్కి జరుపుతారు. మూఢనమ్మకం అనిపిస్తుంది కదా! 2000లో నేచర్ పత్రికలో పరిశోధకులు దీని గుట్టు విప్పారు. పసిఫిక్ సముద్రం మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో ఏడాదుల్లో ఆకాశంలో బాగా ఎత్తున పలచటి మేఘాలు పెరిగి చుక్కలను మసకబారుస్తాయి, ఆ తర్వాతి పంటకాలంలో అక్కడ వాన తగ్గుతుంది. కారణం తెలియకపోయినా వాళ్లు చూసింది నిజమే.

కొండల్లో వాతావరణ కేంద్రాలు తక్కువ. ఉన్నవీ ఎక్కువగా లోయల్లో, రోడ్డు పక్కనే ఉంటాయి. ఒకే కొండకు ఎండ తగిలే వాలు ఒకలా, నీడ వాలు మరోలా ఉంటుంది. అక్కడ జరిగేది చూసేది పశువుల కాపరులే.

లడాఖ్‌లో రైతుల కష్టం నీటి మొత్తంకన్నా సమయానిది. విత్తనాలు ఏప్రిల్, మే నెలల్లో వేయాలి. పైనున్న హిమానీనదాలు జూన్ దాటితేగానీ బాగా కరగవు. సివిల్ ఇంజినీరు చెవాంగ్ నార్ఫెల్ 1980లలో రైతుల ఆ కష్టాన్నే పట్టించుకున్నారు. చలికాలంలో వృథాగా పారే నీటిని ఊళ్లకు దగ్గరగా, నీడ పడే చోట్ల కట్టలు వేసి ఆపి గడ్డకట్టించారు. తక్కువ ఎత్తులో ఉన్న ఆ మంచు ముందుగా కరుగుతుంది, సరిగ్గా విత్తనాల వేళకు.